పసిపాప వచ్చింది, కుక్కను తరిమెయ్యాలా?



అనంతపురం పీఠభూమిలో తొలకరి తర్వాత ఏ చేని గట్టున నడిచినా మీకు ఒక దృశ్యం కనిపిస్తుంది. వేపచెట్టు కొమ్మకు పాత చీరతో కట్టిన ఊయల. ఊయలలో పసిపాప. కింద నీడలో నాలుక బయటపెట్టి రొప్పుతున్న ఇంటి కుక్క. పాప తల్లి దూరంగా చెనిక్కాయ చేనులో కలుపు తీస్తూ ఉంటుంది. "కుక్క కాపలా ఉందిలే" అన్న ధీమాతో సాళ్ళ వెంట ముందుకు సాగిపోతుంది.

అవే పల్లెల్లో దీనికి పూర్తిగా విరుద్ధమైన పని కూడా జరుగుతుంది. ఇంట్లోకి బిడ్డ వస్తోందనగానే, ఏళ్ళ తరబడి ఆ ఇంటి సంగటి తిని పెరిగిన కుక్కను గోనెసంచిలో కట్టి, ఆటోలో వేసుకుపోయి, నాలుగూళ్ళ అవతల రోడ్డు పక్కన వదిలేసి వస్తారు. "పసిబిడ్డ ఉన్న ఇంట్లో కుక్కేమిటి?" అంటారు.

ఒకరిది అతి నమ్మకం. ఇంకొకరిది అతి భయం. నన్నడిగితే రెండూ తప్పే. కుక్క ఎలా తెలుసుకుంటుందో, ఎలా నేర్చుకుంటుందో పట్టించుకోకపోవడమే ఈ రెండింటికీ మూలం. పాప రాకముందే కుక్కను ఆ మార్పుకు సిద్ధం చేయాలి. వచ్చిన తర్వాత ఆ రెండింటినీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. హైస్కూలులో చదువుతున్న మీరు ఈ పనిలో పెద్దలకు కుడిభుజం కాగలరు. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకో చూద్దాం.

ముంగిస కథలో రెండో తప్పు

పంచతంత్రంలో అయిదో భాగం పేరు "అపరీక్షిత కారకం". అంటే ముందువెనుకలు పరీక్షించకుండా చేసిన పని అని అర్థం. అందులోని ముంగిస కథ మీకు తెలిసే ఉంటుంది. ఒక ఇంట్లో పసిబిడ్డతోపాటు ఒక ముంగిసను కూడా పెంచుతుంటారు. తల్లి నీళ్ళకు వెళ్ళినప్పుడు పాము వస్తుంది. ముంగిస దాన్ని చంపుతుంది. మూతికి నెత్తురుతో ఎదురొచ్చిన ముంగిసను చూసి, బిడ్డనే చంపిందనుకొని తల్లి దాన్ని చంపేస్తుంది. లోపలికి వెళ్ళి చూస్తే బిడ్డ హాయిగా ఉంటాడు.

ఈ కథ వేల మైళ్ళు ప్రయాణం చేసింది. ఫ్రాన్సు చేరేసరికి ముంగిస స్థానంలో వేటకుక్క వచ్చింది. 13వ శతాబ్దపు రాతల్లో ఆ కుక్క పేరు గినఫోర్. బ్రిటన్‌లోని వేల్సులో పాముకు బదులు తోడేలు వచ్చింది. అక్కడ కుక్క పేరు గెలర్ట్. ఎక్కడ చెప్పినా నీతి ఒకటే: తొందరపడి శిక్షించవద్దు.

నీతి మంచిదే. కాని విజ్ఞానశాస్త్రం చదువుతున్న మీరు ఇంకో ప్రశ్న కూడా వేయాలి. పసిబిడ్డను ఒక జంతువుకు అప్పగించి పెద్దలంతా బయటికి ఎందుకు వెళ్ళారు? ఆ రోజు ముంగిస బిడ్డకు మేలు చేసింది కాబట్టి సరిపోయింది. పరీక్షించకుండా చేసిన పనులు ఆ కథలో రెండున్నాయి. కొట్టడం ఒకటి, వదిలి వెళ్ళడం ఇంకొకటి. మొదటిది అందరూ గుర్తుపెట్టుకున్నారు, రెండోది మరచిపోయారు. వేపచెట్టు కింద ఊయలలో మనం ఇప్పటికీ చేస్తున్నది ఆ రెండో తప్పే.

కుక్క వైపు నుంచి చూస్తే

మన ముక్కులో వాసనను గ్రహించే కణాలు సుమారు 50, 60 లక్షలు ఉంటాయి. కుక్కకు జాతిని బట్టి 12 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. సెకనుకు 20 వేల కంపనాలు దాటిన ధ్వనిని మన చెవి వినలేదు. కుక్క చెవి సుమారు 45 వేల దాకా వింటుంది. కాబట్టి ఒకే ఇంట్లో ఉంటున్నా మనం, మన కుక్క వేర్వేరు ప్రపంచాల్లో ఉన్నట్లే లెక్క.

ఇప్పుడు ఆ ఇంట్లోకి పాప వచ్చిందనుకోండి. చనుబాల వాసన, తలంటు నూనె వాసన, సాంబ్రాణి పొగ, తడిసిన గుడ్డల వాసన, రాత్రింబవళ్ళు సన్నని గొంతుతో ఏడుపు. చుట్టపక్కాలు వచ్చిపోతుంటారు. అన్నం పెట్టే వేళ తప్పుతుంది. నిన్నటిదాకా పడుకున్న పంచలోంచి ఇవాళ తరిమేస్తారు. మనకు పాప రాక పండుగ. కుక్కకు అది రాత్రికి రాత్రి తలకిందులైన ఇల్లు.

మన ఆచారంలో ఇంకో విశేషం ఉంది. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. బిడ్డకు మూడో నెలలోనో, అయిదో నెలలోనో అత్తింటికి తిరిగి వస్తుంది. అత్తింట్లో రోజూ కుక్కకు ఇంత ముద్ద వేసేది ఆ కోడలే అనుకోండి. కుక్క దృష్టిలో ఆమె నెలల తరబడి మాయమైంది. ఒకరోజు హఠాత్తుగా తిరిగి వచ్చింది. అది తోక ఊపుతూ పరుగెత్తుకు వస్తుంది. ఆమె చేతుల్లో ఏదో కదులుతోంది, ఏడుస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళు "ఛీ, పో!" అంటూ చీపురు విసురుతారు. ఆ క్షణంలో కుక్క ఏం నేర్చుకుంది? "ఈ కొత్త ప్రాణి వస్తే నాకు దెబ్బలు" అని నేర్చుకుంది. ఆ పాఠం చెప్పింది మనమే.

అది అసూయా?

"కుక్కకు బిడ్డను చూస్తే కడుపుమంట" అని పల్లెల్లో అంటుంటారు. ఈ మాటలో నిజమెంత? అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 36 కుక్కల మీద ఒక పరిశోధన చేసి 2014లో ప్రచురించారు. యజమాని తన కుక్కను పట్టించుకోకుండా, మొరిగే బొమ్మకుక్కను ముద్దు చేశాడు. మరోసారి బొమ్మకుక్కకు బదులు పుస్తకం పైకి చదివాడు. పుస్తకం చదివినప్పటికంటే బొమ్మకుక్కను ముద్దు చేసినప్పుడే ఎక్కువ కుక్కలు యజమానిని మూతితో నెట్టాయి, మధ్యలోకి దూరాయి.

దీన్ని మనుషుల అసూయతో సమానమనవచ్చా అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా మనకు కావలసిన పాఠం ఇందులో ఉంది. తనకు అందే ఆదరణ ఇంకొకరికి పోతుంటే కుక్క దాన్ని పట్టించుకుంటుంది. దుష్టబుద్ధి అని దాన్ని తిట్టి లాభం లేదు. పాప ఉన్నా తన ముద్దకూ తన చోటుకూ లోటు రాదని దానికి అర్థమయ్యేలా చేయాలి.

పావ్లోవ్ చూపిన దారి

రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కుక్కకు ఆహారం పెట్టేముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్ళకు ఆహారం లేకపోయినా ఆ శబ్దానికే దాని నోట్లో లాలాజలం ఊరుతుందని ఆయన చూపించాడు. జీవశాస్త్రంలో "నిబంధన" అని మీరు చదివేది దీన్నే.

పావ్లోవ్ ప్రయోగశాలలోని సూత్రమే మీ వాకిట్లోనూ పనిచేస్తుంది. పాప ఏడుపు వెంట ప్రతిసారీ దెబ్బ పడితే ఏడుపంటే భయం పుడుతుంది. పాప ఏడుపు వెంట ప్రతిసారీ ఇంత సంగటి ముక్క దొరికితే ఏడుపంటే ఇష్టం పుడుతుంది. రెండిట్లో ఏది నేర్పాలన్నది మన చేతుల్లో ఉంది.

"అదంతా జాతి కుక్కలకు. మాది ఊరకుక్క, దానికేం తెలుస్తుంది?" అంటారా? కోల్‌కతాలోని ఐసర్ సంస్థ శాస్త్రజ్ఞులు మన వీధి కుక్కల మీదే పరిశోధించి 2020లో ఫలితాలు ప్రకటించారు. ఎవరూ శిక్షణ ఇవ్వని వీధి కుక్కలు కూడా, భయపడకుండా దగ్గరికి వచ్చినప్పుడు, మనిషి చేతి సైగను అర్థం చేసుకొని అటువైపు వెళ్ళాయి. కాబట్టి ఊరకుక్కకు తెలివి లేదనడం మన తెలివితక్కువతనమే.

పాప రాకముందు

ఏం చేయాలో వరుసగా చెబుతాను.

మొదటిది, చోటు. పాప వచ్చాక కుక్క ఎక్కడ పడుకోవాలో నెల ముందే నిర్ణయించండి. కొట్టంలోనో, బయటి పంచలోనో గోనెపట్ట వేసి అప్పటినుంచే అలవాటు చేయండి. పాప వచ్చిన రోజే చోటు మారిస్తే కుక్క ఆ రెండింటినీ ముడిపెట్టుకుంటుంది.

రెండోది, ముద్ద. ఇంతవరకు కుక్కకు తల్లి కాబోయే ఆమె అన్నం పెడుతుంటే ఆ పనిని కొద్దికొద్దిగా మీరు తీసుకోండి. వేళ తప్పకుండా పెట్టండి.

మూడోది, శబ్దం. సెల్‌ఫోనులో పసిపిల్లల ఏడుపు చాలా మెల్లగా వినిపించండి. వినిపిస్తున్నప్పుడే చిన్న ముక్క పెట్టండి. కుక్క చెవులు వెనక్కి వాల్చి బెదిరితే శబ్దం ఇంకా తగ్గించండి. రోజురోజుకూ కొద్దిగా పెంచండి.

నాలుగోది, ఊయల. ఖాళీ ఊయలను ముందే కట్టి, దానికి నాలుగైదు బారల దూరంలో కుక్కను కూర్చోబెట్టడం నేర్పండి. దూరంగా కూర్చున్నప్పుడే దానికి ముక్క దొరకాలి.

అయిదోది, వాసన. ఆసుపత్రికో, వదినగారి పుట్టింటికో పాపను చూడటానికి వెళ్ళినప్పుడు పాపకు చుట్టిన గుడ్డ ఒకటి తెచ్చుకోండి. దాన్ని మీ చేతిలోనే పట్టుకొని కుక్కకు కాస్త దూరం నుంచి వాసన చూపించండి. శాంతంగా వాసన చూస్తే మెచ్చుకొని ముక్క పెట్టండి. గుడ్డను దానికి వదిలేయకండి. ఇక పాప వచ్చే రోజుకు కుక్క ముక్కుకు పాప సగం పరిచయమై ఉంటుంది.

పాప వచ్చిన రోజు

తల్లి మొదట ఒంటరిగా ఇంట్లోకి రావాలి. పాపను అవ్వో, తాతో బయట ఎత్తుకొని ఉండాలి. నెలల తర్వాత కలిసిన కుక్కను తల్లి అయిదు నిమిషాలు పలకరించాలి. దాని ఎగురుళ్ళు, గంతులు తగ్గాలి. అప్పుడు కుక్క మెడకు తాడు కట్టి ఒక పెద్ద మనిషి పట్టుకోవాలి. పాపను ఎత్తుకున్నవారు దూరంగా నిలబడాలి. తాడు బిగలాగకండి. మెడ బిగిస్తే కుక్కకు కంగారు పెరుగుతుంది. ఒకటి రెండు నిమిషాలు చూడనిచ్చి, వాసన పట్టనిచ్చి, మెచ్చుకొని తీసుకుపోండి. ఇలా చాలా రోజులు చేయాలి. మొదటి రోజే "ముద్దు పెట్టుకో" అంటూ పాప ముఖాన్ని కుక్క మూతి దగ్గర పెట్టడం అవివేకం.

తర్వాతి రోజుల్లో చాలామంది తెలియకుండా చేసే పొరపాటు ఒకటుంది. పాప మేలుకొని ఉన్నంతసేపు కుక్కను అదిలిస్తూ ఉంటారు. పాప నిద్రపోగానే "పాపం" అని దాన్ని దగ్గరికి తీస్తారు. కుక్క లెక్క ఏమిటి? పాప ఉంటే తిట్లు, లేకుంటే ముద్దు. దీన్ని తిరగెయ్యాలి. పాప పెద్దల ఒళ్ళో ఉన్నప్పుడే, దూరంగా శాంతంగా కూర్చున్న కుక్కకు ముద్ద, మంచిమాట అందాలి.

ఏడెనిమిది నెలలకు పాప పాకడం మొదలుపెడుతుంది. అప్పుడు పాఠం మళ్ళీ మొదటికి వస్తుందని గుర్తుంచుకోండి. ఇంతవరకు ఊయలలో ఉన్న ప్రాణి ఇప్పుడు కుక్క ముఖానికి సమానమైన ఎత్తులో ఎదురుగా వస్తుంది. తోక పట్టుకుంటుంది, చెవి లాగుతుంది, తింటున్న చిప్పలో చెయ్యి పెడుతుంది. పసిపిల్లలకు కాట్లు ఎక్కువగా ముఖం మీదా, తల మీదా పడటానికి కారణం ఈ ఎత్తే. చాలాసార్లు కరిచేది ఎక్కడిదో వీధి కుక్క కాదు, తెలిసిన కుక్కే. కాబట్టి గడపకు అడ్డంగా చెక్క పెట్టండి. కుక్క చిప్ప, పడక పాప పాకే చోటికి దూరంగా ఉండాలి.

కుక్క ముందే చెబుతుంది

"ఏమీ లేదు, ఉన్నట్టుండి కరిచింది" అని అందరూ అంటారు. చాలావరకు అది నిజం కాదు. కుక్క ముందే చెప్పి ఉంటుంది. మనకు దాని భాష రాలేదు, అంతే.

నిద్ర రాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా మూతి నాకడం, పాప వైపు నుంచి తల పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, తోక కాళ్ళ మధ్య దోపుకోవడం, ఒళ్ళు కొయ్యలా బిగపట్టడం. ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అనడమే. ఆ తర్వాతది గుర్రుమనడం. అప్పుడు పాపను వెంటనే, కంగారు లేకుండా, దూరంగా తీసుకుపోవాలి.

గుర్రుమన్నందుకు కుక్కను కొట్టవచ్చా? కొట్టకూడదు. గుర్రుమనడం అంటే అది కరవకుండా ఉండటానికి చేస్తున్న చివరి ప్రయత్నం. దాన్ని దెబ్బలతో మాన్పిస్తే దానికి కలిగిన భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. తర్వాత అది హెచ్చరించకుండానే కరుస్తుంది.

తోక ఊపితే సంతోషమేనన్నది కూడా పూర్తి నిజం కాదు. ఇటలీ శాస్త్రజ్ఞులు 2007లో చూపించిన విషయం వినండి. యజమానిని చూసినప్పుడు కుక్కల తోక కుడివైపుకు ఎక్కువగా ఊగింది. తమపై పెత్తనం చేసే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగా ఊగింది. తోక ఒక్కటే చూస్తే చాలదు, మొత్తం శరీరాన్ని చూడాలి.

మన ఎండ, మన నీళ్ళు

2022లో రెండు జిల్లాలుగా విడిపోయిన ఈ పీఠభూమి దేశంలో అతి తక్కువ వానలు కురిసే ప్రాంతాల్లో ఒకటి. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య రుతుపవనాలకు తూర్పు తీరం దూరం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

ఇందులో కుక్క సంగతి ఏమిటంటే, దానికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నాలుక మీది, నోటిలోని తడి ఆవిరి కావడం ద్వారా ఒంటిని చల్లబరచుకుంటుంది. ఆవిరి కావడానికి నీళ్ళు కావాలి. నీళ్ళు లేని కుక్క వేడెక్కుతుంది, చిరాకుపడుతుంది. అమెరికాలోని 8 నగరాల్లో నమోదైన దాదాపు 70 వేల కుక్కకాట్లను పరిశీలించి శాస్త్రజ్ఞులు 2023లో ఒక విషయం తెలిపారు. ఎండ, వేడి ఎక్కువగా ఉన్న రోజుల్లో కాట్లు కొంత ఎక్కువగా నమోదయ్యాయి. అందుకు కుక్కల చిరాకు ఒక్కటే కారణమని ఇంకా తేలలేదు. ఆ రోజుల్లో మనుషులు బయట ఎక్కువగా తిరగడం కూడా కారణం కావచ్చు. అయినా మనం జాగ్రత్త పడటానికి ఇది చాలు.

బిందె నీళ్ళకు బోరు దగ్గర గంటల తరబడి నిలబడే ఊళ్ళలో కుక్కకు నీళ్ళేమిటి అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని కూరగాయలు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన కుడితి నీళ్ళు జాలారిలోకి పోతూనే ఉంటాయి. వాటిలోంచి ఒక మట్టి చిప్పెడు నీడలో పెడితే చాలు. పాప ఉన్న ఇంట్లో ఆ చిప్ప పాప కోసం కూడా పెట్టినట్లే.

రోగాల మాట

ఇక అసలు భయపడవలసిన వాటికి వద్దాం. మొదటిది రేబిస్. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు మందు లేదు, దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. ముందు జాగ్రత్తపడితే దాదాపు ఎప్పుడూ నివారించవచ్చు. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుడికి తన టీకా మొదలుపెట్టి కాపాడాడు. ఏటా అదే తేదీన, జూలై 6న, మన పశుసంవర్ధక శాఖ కుక్కలకు ఉచితంగా టీకాలు వేసే శిబిరాలు నడుపుతుంది. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో, ఏటేటా తప్పకుండా వేయించాలి. పాప పుట్టబోయే ఇంట్లో ఇది మొదటి పని.

అయినా కుక్క కరిచినా, పంటి గీత పడినా, చర్మం చిట్లిన చోట నాకినా ఆలస్యం చేయవద్దు. సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కారం, సున్నం, ఆకు పసరు పూయవద్దు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అన్న పాత భయం ఇంకా కొందరికి ఉంది. 1911లో కసౌలిలో తయారుచేసిన సెంపుల్ రకం టీకా సంగతి అది. అలాంటి టీకాల వాడకం మనదేశంలో 2004తో ముగిసింది. ఇప్పటి టీకా పెద్దలకు భుజానికి, పసిపిల్లలకు తొడకు వేస్తారు. గాయం తీవ్రమైతే దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు.

రెండోది గొర్రెల మందలున్న మన ప్రాంతాలకు ముఖ్యమైనది. ఎకైనోకాకస్ అనే అతి చిన్న బద్దెపురుగు కుక్క పేగుల్లో ఉంటుంది. పొడవు కొన్ని మిల్లీమీటర్లే. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి. గొర్రె వాటిని మేస్తుంది. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరుగుతాయి. జాతరకో, పెళ్ళికో గొర్రెను కోసినప్పుడు ఆ తిత్తులున్న ముక్కల్ని పచ్చిగా కుక్కకు విసురుతాం. పురుగు మళ్ళీ కుక్కలోకి చేరుతుంది. ఈ చక్రం మధ్యలోకి మనిషి వస్తే? కుక్క వెంట్రుకలకు అంటిన గుడ్లు చేతుల ద్వారా నోట్లోకి పోతే, మన కాలేయంలోనూ అలాంటి తిత్తి ఏళ్ళ తరబడి పెరగవచ్చు. చక్రాన్ని తెంచడం కష్టం కాదు. పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకండి. పశువుల డాక్టరు చెప్పినట్లు కుక్కకు నులిపురుగుల మందు వేయించండి. కుక్కను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కొనే పాపను ఎత్తుకోండి. పాప పాకే వాకిట్లో కుక్క మలం లేకుండా చూడండి. పాప మట్టి తింటుందని మీకు తెలుసు కదా!

"ఇంత గొడవెందుకు, వదిలేస్తే పోదా?"

ఇది పెద్దలు తప్పకుండా అడిగే ప్రశ్న. దీనికి మూడు జవాబులున్నాయి.

ఒకటి, వదిలేసిన కుక్క మాయమైపోదు. నాలుగూళ్ళ అవతల ఆకలితో, టీకా లేకుండా, బెదిరిపోయి తిరుగుతుంది. ఆ ఊళ్ళోనూ వాకిట్లో పాకే పాపలున్నారు. మన ప్రమాదాన్ని వాళ్ళ గడపకు తోసినట్లే కదా! పైగా ఆ ఊరి వాళ్ళు వదిలేసిన కుక్క మన ఊరికి రాదన్న హామీ ఏముంది?

రెండు, అది నేరం. పెంచుకున్న జంతువును సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో వదిలివేయడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం నేరంగా పరిగణిస్తుంది.

మూడు, కుక్క వల్ల లాభం కూడా ఉండవచ్చు. స్వీడన్‌లో పది లక్షలకు పైగా పిల్లల రికార్డులను పరిశీలించి 2015లో ఒక ఫలితం ప్రకటించారు. మొదటి ఏడాది ఇంట్లో కుక్కతో పెరిగిన పిల్లలకు బడి వయసులో ఉబ్బసం వచ్చే అవకాశం సుమారు 13 శాతం తక్కువగా కనిపించింది. కుక్కే దీనికి కారణమని ఈ పరిశోధన రుజువు చేయలేదు. స్వీడన్ ఇళ్ళు వేరు, మన ఇళ్ళు వేరు. కాని కుక్క ఉన్న ఇల్లు పాపకు చెడు చేసి తీరుతుందన్న మాట నిలవదని ఇది చెబుతుంది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇంతకుముందే మనుషుల్ని కరిచిన కుక్క, ఎన్ని వారాలు నేర్పినా పాపను చూసి ఒళ్ళు బిగించే కుక్క కొన్ని ఇళ్ళలో ఉంటుంది. దాన్ని పాప ఉన్న ఇంట్లో ఉంచమని నేను చెప్పను. పశువుల డాక్టరును అడగండి. చిన్నపిల్లలు లేని, తెలిసిన ఇంటికి, ఆ కుక్క సంగతి ఉన్నదున్నట్లు చెప్పి అప్పగించండి. అప్పగించడం వేరు, పారేయడం వేరు. పాప ప్రాణం ముందు, కుక్క ఆ తర్వాత. కాని "తర్వాత" అంటే "అక్కర్లేదు" అని కాదు.

మీ నోటుపుస్తకం

చివరగా మీకు ఒక పని. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పాప రాబోతుంటే ఒక నోటుపుస్తకం తీసుకోండి. పేజీని నాలుగు గడులుగా గీయండి. తేదీ, పాప ఎంత దూరంలో ఉంది, కుక్క ఏ గుర్తులు చూపింది, మీరు ఏం చేశారు. రెండు వారాలు రాయండి. ఆవలింతలు, మూతి నాకడాలు తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా? ఎండ రోజుల్లో తేడా ఉందా? నీళ్ళ చిప్ప నిండుగా ఉన్న రోజుల్లో? అవ్వ "కుక్క మంచిదే" అంటుంది, నాయన "కుక్క చెడ్డది" అంటాడు. మీ పుస్తకం మాత్రం ఏ రోజు ఏం జరిగిందో చెబుతుంది. విజ్ఞానశాస్త్రం అంటే ప్రయోగశాలలోని గాజు గొట్టాలు మాత్రమే కాదు. ఊహను పక్కన పెట్టి, కళ్ళతో చూసి, రాసుకొని, ఆ తర్వాత నిర్ణయించడం కూడా విజ్ఞానశాస్త్రమే.

ఒక నియమం మాత్రం మరువకండి. మీరు గమనించేవారు, కాపలాదారులు కారు. పాప, కుక్క ఒకచోట ఉన్నప్పుడు పక్కన ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి. చేనికి వెళ్ళినా ఇదే నియమం. నలుగురు తల్లులు కలుపుకు వెళితే, పసిపిల్లల ఊయలలన్నీ ఒకే చెట్టు కింద కట్టి, వంతుల ప్రకారం ఒకరు కూర్చోవచ్చు. అప్పుడు కుక్క కూడా తన వంతుగా అటు పక్క నీడలో పడుకుంటుంది. ఈ మాట ఇవాళ ఇంటికి వెళ్ళగానే మీ అమ్మతో, మీ అవ్వతో చెప్పి చూడండి.